మూడో రోజు తీసిన గింజలు

కొబ్బరితోటలో ఒక ఉడత ఉండేది. కోకో గింజల్ని వగరు పోయేదాకా ఆరు రోజులు అరటాకుల కింద మాగబెట్టి చాక్లెట్ చేసేది. మొదట్లో ముసలి తాబేలు ఒక్కటే తినేది. మెల్లగా ఉడత పేరు తోటంతా పాకింది.

"కోతుల పెళ్లికి వంద ముక్కలు కావాలట!" అంటూ కాకి వచ్చి వాలింది.

ఇక ఉడతకి కాలు నిలవలేదు. గడియకోసారి ఆకు ఎత్తి చూసింది. ఎత్తినప్పుడల్లా గింజల్ని మాగబెట్టే లోపలి వేడి కొంత పోయింది. మూడో రోజుకే విసుగొచ్చి గింజల్ని ఎండలో పోసేసింది.

పెళ్లిలో అందరూ లొట్టలేశారు. "ఉడత చేతి చాక్లెట్ అంటే మాటలా!" అన్నారు.

తాబేలు మాత్రం ముక్కని చాలాసేపు చప్పరించి, జాలిగా అడిగింది.

"ఒంట్లో బాగాలేదా తల్లీ? ఈసారి ఎవరి చేత చేయించావు?"