దొంగ వాలు

"ఇంకో బిళ్ల దూర్చు బాబాయ్! డ్వేన్ తొంగి చూస్తున్నాడు," అంది వెర్నా నవ్వాపుకుంటూ.

కారు చట్రాన్ని మార్చకూడదన్నది ఈ అయోవా రేసుల్లో రూలు. చక్రాల వెనక ఇనుప బిళ్లలు దూర్చి ముందు చక్రాలను ఎంత వాల్చామన్న దాంట్లోనే ఉంది గెలుపంతా. బాబాయ్ ఓడెల్ కుడి చక్రాన్ని కావాలనే తప్పుగా వాల్చాడు. పక్క షెడ్డు డ్వేన్ అది చూసి వెళ్లి, తన కారుకూ అచ్చం అలాగే పెట్టుకున్నాడు.

"మొదటి మలుపులోనే గోడకి ముద్దు పెడతాడు చూడు!" అన్నాడు ఓడెల్.

తమ చక్రాన్ని గుట్టుగా సరిచేయించుకుని వెర్నా బరిలోకి దిగింది.

డ్వేన్ మొదట వచ్చాడు. వెర్నా ఆఖర్న వచ్చింది.

హెల్మెట్ తీసి, గొంతు తగ్గించి అడిగింది: "బాబాయ్, ఇందాక ఎన్ని బిళ్లలు దూర్చావో గుర్తుందా?"

ఓడెల్ అప్పటికే డ్వేన్ కారు కేసి తొంగి చూస్తున్నాడు.