వాల్రస్ పెద్ద కొలిచిన మంచు

ధ్రువ సముద్రం మీద మంచు బాగా పరుచుకున్న రోజున వాల్రస్ పెద్ద ఏటా సభ పెడతాడు. ఈసారీ కోరలు ఎగరేసి, "చూశారా, మొన్నటి ఎండాకాలం కంటే ఎంత పెరిగిందో! మంచు తరిగిపోతోందని ఏడ్చినవాళ్ళేరీ?" అన్నాడు.

వారం క్రితమే ఈనిన సీల్ తల్లికి ఒళ్ళు మండింది. "చలికాలాన్ని ఎండాకాలంతో పోలుస్తావేం మామా? మా అమ్మ కాలంలో ఇదే రోజున ఎంతుండేది, ఇప్పుడెంతుంది? నా బిడ్డకి ఈత వచ్చేదాకానైనా నిలుస్తుందా ఇది?"

"పిల్లల్ని కనేదానివి, నీకెందుకే కొలతలు?"

సభంతా పకపకా నవ్వి, ఎగిరెగిరి చప్పట్లు కొట్టింది. ఆ బరువుకి మంచు ఫెళ్ళున చీలింది. తల్లి బిడ్డని ముట్టెతో నెట్టుకుంటూ దళసరి మంచు మీదికి పాకిపోయింది.

తెగిన ముక్క మీద సభతో సహా కొట్టుకుపోతూ పెద్ద అరిచాడు: "చూశారా, మన మంచు ఎంత దూరం సాగిందో!"

సభ మళ్ళీ చప్పట్లు కొట్టింది.