నాలుక చివరి మాట

పొయ్యి పక్కన పెట్టెలో పడుకోబెట్టిన గొర్రెపిల్ల రొమ్ము మీద హెస్టర్ ఆల్డర్సన్ చెయ్యి వేసి చూసింది. గుండె టకటకా కొట్టుకుంటోంది.

"విక్! ఇంకా విక్కే నువ్వు, దొంగపిల్లా!" అంది ముద్దుగా. ప్రాణమున్న దేన్నైనా ఆ ఇంట్లో తరతరాలుగా విక్ అనే అంటారు.

తలుపు చప్పుడైంది. టై కట్టుకున్న మనిషి, చేతిలో పుస్తకం, పెన్సిలు. ఆయన తనెవరో చెప్పుకున్నాడు గానీ, భయంతో ఆమెకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

పక్క పొలం ఆగ్నెస్ మొన్ననే చెప్పింది. "కౌంటీ ఆఫీసు నుంచి వస్తారు హెస్టరక్కా. అదేంటి, ఇదేంటి అని అడుగుతారు. మతి సరిగ్గా లేదనుకుంటే ముసలాళ్ళ ఆశ్రమానికి బండెక్కించేస్తారు. పేరు మార్చారంతే, అది పాత బీదల కొట్టమే."

అయినా లోపలికి పిలిచి టీ పోసి ఇచ్చింది.

"మీ వయసెంతమ్మా?"

"డెబ్బై ఎనిమిది."

"పుట్టింది ఇక్కడేనా? పళ్ళన్నీ ఉన్నాయా?"

పళ్ళెందుకు వీడికి, సంతలో గుర్రాన్ని కొంటున్నట్టు! అయినా నోరు తెరిచి చూపించింది.

ఆయన కిటికీలోంచి వాగును చూపించాడు. "దాన్నేమంటారు?"

పరీక్షే, సందేహం లేదు. చిన్నప్పుడు నోట్లోంచి ఊరి మాట వస్తే బడిపంతులు అరచేతులు వాచేలా కొట్టేవాడు. ఆ బడి భాషనే ఇప్పుడు గట్టిగా పట్టుకుంది.

"ప్రవాహము, సార్."

పెన్సిలు ఆగింది. "మీవాళ్ళంతా అలాగే అంటారా?"

"అందరమూ అటులే అందుము."

ఆయన గొర్రెపిల్ల వైపు తిరిగాడు. "అది చావలేదు కదా. మరి ఏమంటారు?"

నాలుక చివరికొచ్చిన మాటను హెస్టర్ పళ్ళతో కరిచి పట్టింది. "జీవించియున్నది, సార్."

"మీ అమ్మగారు ఇంకేదైనా అనేవారా? బాగా గుర్తు తెచ్చుకోండి."

తికమక పెట్టాలని చూస్తున్నాడు! "మా తల్లిగారునూ అదియే అనెడివారు."

ఆయన ఒక చీటీ మీద ఏదో రాసి, నీరసంగా లేచాడు. "చాలా చక్కగా మాట్లాడారమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఇల్లు దక్కింది. హెస్టర్ కుర్చీలో కూలబడి, గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని, భయం తీరేదాకా ఏడ్చింది.

తర్వాత టీ కప్పు తియ్యబోతే, దాని కింద ఆయన మరిచిపోయిన చీటీ కనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"లోయల్లో పాత మాటల సేకరణ. ఇక్కడే పుట్టి, పళ్ళుండి, మాట స్పష్టంగా పలికే ముసలివాళ్ళనే అడగాలి. విక్: ప్రాణమున్నది, చురుకైనది. వెయ్యేళ్ళ కిందట సముద్రం దాటి ఓడల్లో వచ్చినవాళ్ళ మాట కావచ్చు. ఎక్కడా దొరకలేదు. ఆఖరి ఆశ ఆల్డర్సన్ ముసలమ్మ ఇల్లే."

దాని కింద, ఇంకా తడి ఆరని కప్పు మరక పక్కన, పెన్సిలుతో ఒకే మాట ఉంది.

"చచ్చిపోయింది."