కడుపు చూసి బేరం

పశువుల కడుపులో పులిపిర్లు లేపే వైరస్ వచ్చాక, అంగడిలో పళ్లు చూసి బర్రెను కొనేవాళ్లే లేరు. ప్రతి బర్రె ఓ కెమెరా గోళీ మింగి ఉంటుంది. అది పంపే వీడియోలు అందరి ఫోన్లలోనూ దొరుకుతాయి, అవి చూశాకే బేరం.

బర్రె అమ్మేవాడు తన ఫోన్లో పెట్టి చూపిన వీడియోను ఐలవ్వ కూడా చూసింది. ఎంత వెతికినా ఒక్క పులిపిరి లేదు.

"నా బర్రె కడుపు కడిగిన ముత్యమే అక్కా," అన్నాడు అమ్మడానికొచ్చిన కొమురయ్య.

ఇంతలో వీడియోలో, కడుపులోని గడ్డి మధ్య ఏదో తళుక్కుమంది. ఎర్రరాయి కమ్మ. పోయినేడు కుడితితోపాటు ఐలవ్వ బర్రె మింగేసింది దాన్నే. జోడుది ఇంకా ఆమె చెవికే ఉంది.

"మంచి బర్రెనే తమ్మీ," అంది తాపీగా. "పొద్దుగాల నేనే పాలు పిండి వచ్చిన. ఇగ నీ బర్రె కడుపు సూపియ్యి."