పదహారూ కలిస్తే ఒక్కటి

ఇన్‌స్పెక్షన్ ఇంకో ఐదు రోజులుందనగా ముత్తుకూరు దగ్గరున్న ఆ ఇంజినీరింగ్ కాలేజీకి ఎక్కడలేని కళ వచ్చేసింది. గోడలకి సున్నం వచ్చింది. వరండాకి పూలకుండీలు వచ్చాయి. ప్రిన్సిపాల్ నరేంద్రబాబు మెడకి టై వచ్చింది. కంప్యూటర్ ల్యాబుకైతే ఏకంగా పదహారు కంప్యూటర్ల క్లస్టరే వచ్చింది.

డ్రైవర్ సిలార్ వ్యానులోంచి పదహారు మెషీన్లు దిగాయి. నరేంద్రబాబు దగ్గరుండి, ఒక్కోదాని మీదా కాలేజీ పేరున్న స్టిక్కరు స్వయంగా తన చేత్తో అంటించాడు. ఆ కాలేజీలో ఆయన స్వయంగా ఒక పని చేయడం అందరూ చూసింది అప్పుడే.

“అమ్మా నవోమీ, గురువారానికి ఇవన్నీ కలిసి పనిచేస్తా ఉండాల. చేయించినావంటే నీకు పర్మనెంట్ ఆర్డరు. నా మాట నమ్ము.”

లెక్చరర్ నవోమి ఐదేళ్ళుగా ఆ మాటనే నమ్ముతోంది. ఏటా జూన్‌లో కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టడం, మే నెల వచ్చేసరికి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని హడలిపోవడం ఆమెకి అలవాటైపోయింది. ఈ ఏడాది ఆ కాగితం కూడా లేదని ముందే చెప్పేశారు. ల్యాబు పాసైతే పర్మనెంట్, లేకపోతే ఇంటికి.

ఆమె పెట్టెలు విప్పుతుంటే సిలార్ గుమ్మంలో నిలబడి, “అట్టపెట్టెలు పారేయబాకండి మేడం,” అన్నాడు.

“ఎందుకన్నా?”

“మంచి పెట్టెలు,” అనేసి వ్యాను తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు.

పదహారు కంప్యూటర్లని వైర్లతో కలపడం ఎవరికైనా వస్తుంది. కలిపాక అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. వచ్చిన పనిని ముక్కలు చేసి పంచుకోవాలి. ఒకటి చతికిలబడితే దాని చేతిలో పనిని పక్కది అందుకోవాలి. చూసేవాడికి మాత్రం పదహారూ కలిసి ఒకే కంప్యూటరులా కనబడాలి. ఇదంతా ఆపరేటింగ్ సిస్టం చూసుకోవాల్సిన పని. ఎవరో ఒకరు నేర్పందే అది చూసుకోదు కాబట్టి నవోమి కూర్చుని నేర్పింది.

టిఫినూ భోజనమూ ఆ గదిలోనే. అల్లూరు రొయ్యల గుంటల్లో రేపు ఏ గుంటలో ఆక్సిజన్ పడిపోతుందో లెక్కగట్టే పనిని వాటికి అప్పగించింది. మొదటి రోజు పదహారూ పదహారు దిక్కులు చూశాయి. రెండో రోజు తొమ్మిది దారికొచ్చాయి. నాలుగో రోజు మధ్యాహ్నానికి అన్నీ ఒక్కటయ్యాయి. నవోమికి ఏడుపొచ్చింది. అంత సంతోషం ఆమెకి ఆ కాలేజీలో ఎప్పుడూ కలగలేదు.

నరేంద్రబాబు తొంగి చూశాడు. “క్లస్టర్ అంటే ఏందమ్మా? ఎవరన్నా అడిగితే ఏం చెప్పాల?”

“ఒకరి పని ఆగిపోతే ఇంకొకరు చేయడం సార్.”

“మన కాలేజీలో ఎప్పుడూ జరిగేదే గదా,” అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళాడు.

గురువారం ఇన్‌స్పెక్షన్‌కి ప్రొఫెసర్ హజరత్తయ్య వచ్చాడు. తడ వైపు ఓ పెద్ద కాలేజీలో కంప్యూటర్ విభాగానికి అధిపతి. కొబ్బరినీళ్ళు తాగి, శాలువా కప్పించుకుని ల్యాబులోకి అడుగుపెట్టాడు.

“వీటిల్లో ఒకటి ఆగిపోతే?”

“మిగతావి చూసుకుంటాయి సార్,” అంది నవోమి.

“అందరూ అట్నే చెప్తారు,” అని ఆయన ఏడో దాని వైరు పీకేశాడు.

నరేంద్రబాబు టై వదులు చేసుకున్నాడు. తెర మీద లెక్క ఒక్క క్షణం తటపటాయించి మళ్ళీ సాగింది. ప్రొఫెసర్ తొమ్మిదోది పీకాడు. పదకొండోది కూడా పీకాడు. లెక్క నెమ్మదించింది గాని ఆగలేదు. ఆయన పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

“మేమూ కొన్నాం లేమ్మా క్లస్టరు, గ్రాంటు వచ్చిందని. ఒకదాని మొహం ఒకటి చూడదు. విసుగుపుట్టి ఆ గదికి తాళమేసి రెండేళ్ళయింది. అంతా నాసిరకం సరుకు.” దగ్గరున్న మెషీన్‌ని ఆప్యాయంగా తట్టాడు. “కొంటే ఇట్టాంటివి కొనాల!”

“మెషీన్లదేముంది సార్, లోపల ఆపరేటింగ్ సిస్టం...”

“నువ్వు మా కాలేజీకి వచ్చేయమ్మా. పర్మనెంట్ పోస్టు నేను ఇప్పిస్తా. మావాటిని కూడా ఇట్టా దారిలో పెట్టు.”

నరేంద్రబాబు చప్పున లెక్కేసుకున్నాడు. ఈమె పోతే లెక్చరర్ల లెక్కలో ఒకరు తగ్గుతారు. ఆ వంకతో కాలేజీకి సీట్లు కోసేస్తారు. గబగబా జేబులోంచి కాగితం తీశాడు.

“ఆర్డరు తెచ్చేసినా తల్లీ! ఈ క్లస్టర్ మన కాలేజీలో ఉన్నన్నాళ్ళూ నీ ఉద్యోగానికి ఢోకా లేదు. అక్షరాలా అదే రాయించినా, చూసుకో.”

నవోమి చూసుకుంది. అక్షరాలా అదే ఉంది. తలెత్తి, ఎవరు ఏది పీకినా ఆగకుండా పనిచేస్తున్న తన పదహారింటినీ చూసుకుంది.

“ఏమనుకోబాకండి సార్. నా మెషీన్లని వదిలిపెట్టి నేను రాలేను.”

ప్రొఫెసర్‌కి మనసు కరిగిపోయింది. రిపోర్టులో పదికి పది వేసి, పక్కన ‘అంకితభావం’ అని రాసి గీత కూడా గీశాడు.

మూడింటికి నవోమి, కాలేజీలో అందరికీ మలైకాజా పంచాలని నెల్లూరు బస్సెక్కింది. నాలుగింటికి ప్రొఫెసర్ కారు గేటు దాటింది.

ఆ కారు వెనకాలే సిలార్ వ్యాను, ఇన్‌స్పెక్షన్ల సీజనులో కాలేజీ కాలేజీకీ అద్దెకి తిరిగే ఆ పదహారు మెషీన్లనీ ఎక్కించుకుని, తెచ్చిన చోటే దించడానికి, రెండేళ్ళుగా ఎవరూ తాళం తీయలేదని హజరత్తయ్య గారు అనుకుంటున్న గదికి బయల్దేరింది.