నత్త సిస్టర్

"పది గంటల పాలు ఇప్పుడా పట్టేది?"

ఇన్‌చార్జి సిస్టర్ గొంతుకి పసిపిల్లల వార్డులోని తల్లులంతా తలలు తిప్పి చూశారు.

గోడ గడియారంలో పదిన్నర దాటింది.

నెలలు నిండకుండా పుట్టిన ఏడో నంబరు పాప ముక్కులోకి సన్నటి గొట్టం వేసి ఉంది. దానికి తగిలించిన పాల సిరంజిని ఎత్తి పట్టుకుని నిలబడింది ఓ నర్సు. యాభై దాటిన మనిషి.

"అయిపోవచ్చిందమ్మా," అంది, చూపు తిప్పకుండా.

"మిగతావాళ్లు తొమ్మిదేసి మందికి పట్టేశారు. మీకు ఆరుగురు కూడా కాలేదు."

"గొట్టం సరిగ్గా ఉందో లేదో మళ్లీ చూశానమ్మా."

"ఎన్నిసార్లు చూస్తారు?"

"మూడుసార్లు. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

వార్డులో ఆమెకు నత్త సిస్టర్ అని పేరు. ఆవిడ సూది తెచ్చేలోగా పిల్లాడికి పళ్లొస్తాయని కుర్ర నర్సులు అనుకునేవారు. ఆ మాట విని ఇన్‌చార్జి సిస్టర్ కూడా నవ్వింది.

అలా నవ్వే ఓపిక ఆమెకు ఈమధ్యే తిరిగొచ్చింది. అంతకుముందు పక్కనే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా వినబడనట్టు నిలబడిపోయేది. ఇంటికెళ్తే చెప్పులు విప్పడానికి కూడా చెయ్యి లేచేది కాదు. మేట్రన్ మేడమ్ పిలిచి, అడక్కుండానే నెల రోజులు సెలవిచ్చారు. తిరిగొచ్చేసరికి వార్డులో ఈ కొత్త మనిషి ఉంది. ప్రసూతి వార్డు నుంచి వచ్చిందట. అంతకుముందు మొహమైనా ఎరగదు.

శనివారం నత్త సిస్టర్ ఉయ్యాల పక్కన నిలబడే కునుకు తీస్తూ దొరికింది.

"డ్యూటీలో నిద్రా?"

ఆమె ఉలిక్కిపడింది. "తప్పయిపోయిందమ్మా. మొహం కడుక్కొస్తాను."

"ఇవి పసిప్రాణాలు. చేతగానప్పుడు మానుకోవాలి."

ఆమె ఉయ్యాలలో జారిన దుప్పటి సర్దింది.

"నిజమేనమ్మా," అంది.

ఆ మధ్యాహ్నమే ఇన్‌చార్జి సిస్టర్ రిపోర్టు రాసింది. పని తక్కువ, ఆలస్యం ఎక్కువ. తన చేతుల మీద తనకే నమ్మకం లేదని స్వయంగా ఒప్పుకుంది.

చదివి సంతకం పెట్టమంటే ఆమె కళ్లజోడు వెతుక్కుని, నెమ్మదిగా చదివి, పెట్టింది.

"ఏమైనా చెప్పుకుంటారా?"

"ఏడో నంబరు పాపని కుడివైపు తిప్పి పడుకోబెడితేనే పాలు ఇముడుతున్నాయి. రేపొచ్చేవాళ్లకి చెప్పండమ్మా."

సోమవారం ఆమె రాలేదు.

"ఆ పెద్ద సిస్టర్ రారా అమ్మా?" అని ఏడో నంబరు పాప తల్లి అడిగింది. "పొద్దుట్నుంచి పాప మూడుసార్లు కక్కేసింది."

అప్పుడు ఇన్‌చార్జి సిస్టర్‌కి గుర్తొచ్చింది, ఆ కుడివైపు సంగతి తను ఎవరికీ చెప్పలేదని. గబగబా వెళ్లి పాపని తిప్పి పడుకోబెట్టింది. తల్లి మొహం చూడలేకపోయింది.

మంగళవారం మేట్రన్ మేడమ్ గదికి పిలిచారు. బల్ల మీద తను రాసిన రిపోర్టు, దాని మీద ఓ రాజీనామా కాగితం ఉన్నాయి.

"ఊరొదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఫోన్ కూడా ఎత్తడం లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కరిచేత మాట పడలేదు."

"నిలబడి నిద్రపోయింది మేడమ్..."

"పోదా మరి? నెల రోజులు పొద్దున తన డ్యూటీ, మధ్యాహ్నం ఇంకొకరి డ్యూటీ చేసింది. నెల అయ్యాకైనా సెలవు తీసుకోమ్మా అంటే, నీ వార్డులో మనుషులు చాలడం లేదని అక్కడే ఉండిపోయింది. ఒళ్లు అలిసినప్పుడు మందు కొలతలో పొరపాటు రాకూడదని ఒకటికి మూడుసార్లు చూసుకునేది."



"ఇంకొకరంటే... ఎవరిది మేడమ్ ఆ డ్యూటీ?"

మేడమ్ కూర్చోమని కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేకపోయింది.

"చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఇక దాచి మాత్రం ఏం లాభం?"

మేడమ్ రాజీనామా కాగితం పక్కకి జరిపారు.

"లాండ్రీ గదిలో తలుపేసుకుని నువ్వు ఏడుస్తుంటే బయట విన్నది ఆవిడే, తిన్నగా నా దగ్గరికొచ్చి, 'ఆ పిల్లెవరో నాకు తెలీదు మేడమ్, ఇంటికి పంపించండి, తన డ్యూటీ కూడా నేనే చేస్తాను' అంది."