పక్కగది హెలికాప్టర్

"భయపడకండి, పైన నేనున్నాను," అన్నాడు యశ్వంత్ ఫోను మైకులో, తోటి ఆటగాళ్ళంతా మాట్లాడే తమిళంలో. ఆటలో అతని చిన్న హెలికాప్టర్, ఒంటరిగా చిక్కుకున్న ట్యాంకు చుట్టూ ఉన్న శత్రు ట్యాంకులన్నిటినీ పేల్చేసింది.

ఆ ట్యాంకును పక్కగదిలోంచి నడుపుతున్నది తన భార్య నివేదిత అని అతనికి తెలియదు. కడుపులో బిడ్డ పోయినప్పటి నుంచి అతను ఆమెతో సరిగా మాట్లాడలేదు. అతని గొంతు వినడానికే ఆమె వేరే పేరుతో ఆటలో చేరింది.

ఆమె మైకు నొక్కి ఇంటి తెలుగులో అడిగింది. "ఈ మాట ఆస్పత్రిలో నాతో ఏమిటికి చెప్పలేదు మీరు?"

హెలికాప్టర్ గాల్లోనే ఆగిపోయింది. ఎవరో దాన్ని కూల్చేశారు.

కాసేపటికి యశ్వంత్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెప్పాలనే వచ్చినాను నివేదితా. నువ్వు ఏడుస్తా ఉండావు. నాకూ ఏడుపొచ్చేసింది. నీకు కనపడకూడదని బయటికి పోయినాను."

ఆమె ఫోను పక్కన పెట్టి, మంచం మీద కొంచెం జరిగింది.